పావంగుళం

నలభై ఏండ్లుగా గాంధీ రోడ్డులో
దేవుడికి అద్దం బిగించే పని నాది.
శంఖం ఆ పక్క, చక్రం ఈ పక్క,
కొలత మారదు.
ప్రతి పటంలోనూ చుట్టూరా పావంగుళం
చెక్క గాడిలోకి పోతుంది, కనపడదు.
ఎవరూ అడగరు. దేవుడూ అడగలేదు.

మొన్న ముగ్గురు పిల్లోళ్ళు ఆటోలో వచ్చినారు
చాపల్లా చుట్టిన క్యాన్వాసులతో.
భవానీ నగర్లో మిద్దె మీద గ్యాలరీ అంట,
నిరుడు దాకా అది ఎంసెట్ కోచింగ్ సెంటరు,
కొత్త సున్నం కింద ఇంకా
సైన్ తీటా కనిపిస్తా ఉంది.

పుంగనూరు నదియా
వాళ్ళ నానీ రేషన్ కార్డును దుప్పటంత చేసింది.
ఫోటో ఉండాల్సిన చోట వేలిముద్ర,
ఆ గీతలెంబడి నడుచుకుంటా పోతే
టమాటా మండీ, బీడీ ఆకు, మూడు కాన్పులు,
పేరు తప్పు రాసిన గుమాస్తా.

యుగంధర్ వాళ్ళక్క కల్యాణకట్టలో గుండ్లు కొడుతుంది.
అతను కత్తిని గీయలేదు, అక్కను గీయలేదు.
తడి నేల మీద వెంట్రుకలు గీసినాడు, అంతే.
ఏది ఆడజుట్టో ఏది మగజుట్టో
మోకాళ్ళ మీద కూచొని వెతికినా.
సిగ్గేసింది.

మూడోది నీలవేణిది.
గొంతు విని తలెత్తినా,
ఎత్తిన తల ఎట్లా దించాలో తెలీలేదు.
బొమ్మలో తాతయ్యగుంట వీధి, జాతర వేళ.
కోరమీసం మీద పసుపు,
జబ్బ కండల మీద బిగిసిన జాకెట్టు,
చేతిలో వేపమండ.
మా నాయనా కట్టినాడు మొక్కుకి, అమ్మ చీరే.
వీధి వీధంతా ఆయన కాళ్ళకు నీళ్ళు పోసింది.

మరుసటేడు అదే చీర మునిరత్నం కట్టినాడు.
గంగమ్మ చెంప నరికి
ఆ మట్టి పంచుకొని ఎవరిళ్ళకు వాళ్ళు పోయినారు.
వాడు విప్పలేదు.
జాతరలో కడితే మొక్కు,
మర్నాడు కడితే రోగం.
మీసం దువ్వుకుంటానే నాయన చెప్పు తీసినాడు.
రేణిగుంటలో రైలెక్కినాడో, ఎక్కిందో,
ఈ క్రియ కాడ నా నాలిక ఇప్పటికీ మడతపడుతుంది.
మునిరత్నం. ఆడోళ్ళకూ మగోళ్ళకూ చెల్లే పేరు.
అమ్మ ఏం తెలిసి పెట్టిందో.

"అంచు దాయొద్దు మామా" అనింది నీలవేణి,
"చెక్క కొంచెం ఎడంగా పెట్టు.
అంచులోనే గదా మనిషుండేది."
చూసినా. కుడి అంచున, కుచ్చిళ్ళ పక్కన
ఎవరో, సగమే,
గుంపులోంచి బయటికి పోతా.

ఆ రాత్రి షట్టరు దించి
గోడ మీది మా ఇంటి ఫోటో కూడా దించినా.
పది పన్నెండు ఫ్రేముకు పట్టలేదని
అప్పట్లో నేనే కోసినా, కొలిచి మరీ,
కుడిపక్క ఒక మనిషంత వెడల్పు.
మేకులు లాగితే, అట్ట వెనకాల
నాలుగు మడతల ముక్క.
అద్దం లొటలొట ఆడకుండా
నేను దూర్చిన అడ్డు.
ఇన్నేండ్లూ మమ్మల్ని కదలకుండా పట్టుకొనింది అదే.

సాపు చేసినా. ఒక మడత సరిగ్గా
ముక్కు మీదుగా పోయింది.

గ్యాలరీ తెరిచిన రోజు
కొత్త గుండ్ల మీద చందనంతో ఒక కుటుంబం
టోకెన్లు ఇక్కడే ఇస్తారనుకొని
అరగంట సేపు వరసలో నిలబడింది.
తర్వాత పోతా పోతా వెంట్రుకల బొమ్మ కాడ ఆగి
పాప తన తల తడుముకొనింది.

నేను నిచ్చెన మీదున్నా, ఆఖరి మేకు కొడతా.
చొక్కా జేబులోంచి ఆ ముక్క జారింది.
నీలవేణి ఎత్తింది.
చానాసేపు చూసింది. ఎవరని అడగలేదు.
"పేరేంది?"
చెప్పినా.
"ఇప్పుడు యాడుండారు?"

ఉండారు.
అట్లా కూడా అనొచ్చు.
నా చేతిలో కొలత టేపు
చుట్టుకోకుండా అట్లే
నేల దాకా వేలాడింది.